రెండో చరణంలో మెలిక

మా కారులో ఒక నియమం ఉంది. గాయకుల పేర్లు ఎత్తకూడదు. హఫీజ్‌పేట్‌లో బయల్దేరి గచ్చిబౌలిలో దిగేదాకా ఎవరి గురించి ఎంతసేపైనా కొట్టుకోవచ్చు కానీ, పేరు పెట్టి కొట్టుకోకూడదు. పేరు చెప్పగానే అవతలివాళ్లు ఆ మనిషి ఊరూ జిల్లా కులమూ అన్నీ లాగుతారు, కొండాపూర్ దాటేలోపు పాట పోయి పంచాయితీ మిగులుతుంది. ఒకసారి అలాగే అయి ముగ్గురం రెండ్రోజులు మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకుండానే అదే కారులో వెళ్లొచ్చాం, విడివిడిగా బయల్దేరితే ఆ ట్రాఫిక్కులో ఆఫీసు మొహం చూసేదెప్పుడు? అప్పట్నుంచి "మా ఆయన", "మా ఆమె", "మా పెద్దమ్మ" అనే చెప్పుకుంటున్నాం. బయటివాళ్లు వింటే మేమేవో సంసారాలు మాట్లాడుకుంటున్నాం అనుకుంటారు.

కారు నాది, నడిపేదీ నేనే. మాది కాకినాడ వైపు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టులు చూస్తుంటాను, కోపం ముక్కు మీదే ఉంటుంది. పక్క సీట్లో కూర్చునేది మా పై అంతస్తు ఆయన, లింగంపల్లిలోనే పుట్టి పెరిగిన మనిషి, ప్రభుత్వోద్యోగి. నాకంటే ఆరేడేళ్లు చిన్న, నన్ను అన్నా అంటాడు. వెనక సీట్లో మా టీములో టెస్టింగ్ చేసే కడప అమ్మాయి, మా పక్క బ్లాకులోనే కిరాయికి ఉంటుంది. టెస్టింగ్ వాళ్ల సంగతి తెలిసిందేగా, ఋజువు చూపిస్తే తప్ప తెల్లారిందన్నా నమ్మరు.

ఆ సోమవారం వాదన లేవనెత్తింది నేనే. ఒక్కడే నిలబడి పాడి, జనం మీద చెరిగిపోని ముద్ర వేసిన గొంతు ఎవరిది? బృందాలు వద్దు, బాణీలు కట్టినవాళ్లు వద్దు. ఒక్క గొంతు.

"ఇంకెవరు, మా ఆయన" అన్నాను, ఎవరూ నోరు తెరవకముందే.

"ఏందన్నా గిట్ల అంటరు?" అన్నాడు పక్కాయన. "మీ ఆయన మస్తు పాడతడు, కాదంటలేను. కానీ మా పెద్దమ్మ ముందట జర ఆలోచించుండ్రి. స్టూడియో మొహం చూడలే ఆమె. నాట్లేసుకుంట పాడేటిది. ఒక్కపారి రేడియోల పాడిచ్చిన్రు, గంతే. ఇప్పుడు బతుకమ్మకు మన అపార్టుమెంటుల ఆడోళ్లు తిరుక్కుంట పాడే వరసలల్ల సగం ఆమెవే. ఎవలవో ఒక్కలకు తెల్వదు. పేరు పోయినంక గూడ పాట ఉన్నదంటే ఇగ గంతకంటె ఏం గావాలె?"

"పేరే తెలియనప్పుడు ముద్ర ఎవరిదని చెప్తావయ్యా? వానాకాలం నీళ్లలాగా ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియనివి చాలా ఉంటాయి" అన్నాను.

"ఆ నీళ్లే గదన్నా తాగుతున్నం" అన్నాడు. నిజమేనని ఒప్పుకుంటే నేను నేనెందుకవుతాను? హారన్ కొట్టాను.

వెనకనుంచి అమ్మాయి అందుకుంది. "మా ఆమె రాకముందు ఆడపిల్ల పాడాలంటే సన్న గొంతే ఉండాల సార్. నాది చూడండి, గరుకు గొంతు. బళ్లో ప్రార్థనప్పుడు నన్ను వెనక వరసలో నిలబెట్టి, నోరు ఆడిస్తే చాలు పాడొద్దు అనేటోళ్లు. ఆమె పాట విన్నాక గదా నేను ముందుకొచ్చి పాడినా. నా మాదిరి ఎంతమంది ఉంటారో మీరే అనుకోండి."

నిజం చెప్పాలంటే ఆ ఇద్దరి మాటలూ నాకు నచ్చాయి. కానీ నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. గొంతు సవరించుకుని అసలు అస్త్రం తీశాను.

మా వైపు ఒకప్పుడు ప్రతి చిన్న ఊరికీ ఒక ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్లిళ్లకీ, వినాయక చవితి పందిళ్లకీ పిలిచేవాళ్లు. ప్రతి ఆర్కెస్ట్రాలో ఒక జూనియర్ ఉండేవాడు, అంటే మా ఆయన గొంతుతో పాడేవాడన్నమాట. గొంతు ఒక్కటే అనుకునేరు! ఆయన ఊపిరి తీసుకున్న చోటే వీడూ తీసుకోవాలి, ఆయన పాట మధ్యలో చిన్నగా నవ్వితే వీడూ నవ్వాలి. డిగ్రీ చదివే రోజుల్లో మా ఊరి జూనియర్ని నేనే. ఆయనకి జలుబు చేసిన రోజు పాడిన పాట ఒకటుందని మా నమ్మకం, ఆ పాటకి ముందు మేం ఐస్‌క్రీమ్ తినేవాళ్లం.

"ఏ గాయకుడికైనా ఇన్ని వేల గొంతులు దొరికాయా చెప్పండి?" అన్నాను. "అంతెందుకు, నేను శనివారాలు పాడే పాట ఉందే, దాని రెండో చరణం చివర 'రావే' అన్న మాట దగ్గర ఆ మెలిక చూడండి. గొంతు కిందికి జారి, వణికి, మళ్లీ ఎక్కుతుంది. ఆ ఒక్క మెలిక చాలు. భూమ్మీద ఇంకెవడూ వెయ్యలేడు. దానికోసమే నేను పాటగాణ్ణయ్యాను."

శనివారాలంటే చెప్పాలి. మా అపార్టుమెంటు క్లబ్‌హౌస్‌లో శనివారం సాయంత్రం కరావోకే పెట్టుకుంటాం. వాయిద్యాలు స్పీకర్లోంచి వస్తాయి, పాట మనం పాడుకోవాలి. మిరపకాయ బజ్జీలు కూడా ఉంటాయి కాబట్టి జనం బాగానే వస్తారు. చివరి పాట ఎప్పుడూ నాదే, అదే పాట. వారం తిరక్కుండా చచ్చిన సినిమాలోది. సినిమా పేరు కూడా జనం మర్చిపోయారు, పాట మాత్రం మా బ్లాకు పిల్లలకి కూడా వచ్చు.

"ఆ మెలిక ఒకసారి విందాం సార్" అంది అమ్మాయి. కొత్తగూడ దగ్గర బండ్లు ఆగిపోయి ఉన్నాయి. ఫోన్లో పాట వెతికి కారు స్పీకర్లకి కలిపింది. నేను స్టీరింగ్ మీద తాళం వేస్తూ రెండో చరణం దాకా ఆగాను. ఆ చోటు వస్తుండగా గొంతు కలపబోయాను.

"పాడొద్దు సార్, వినండి" అంది.

విన్నాను. 'రావే' వచ్చింది, వెళ్లిపోయింది. మెలిక లేదు. గీత గీసినట్టు తిన్నగా ఉంది.

"ఇంకోసారి పెట్టమ్మా." పెట్టింది. తిన్నగానే ఉంది. "ఇది ఇంకేదో రికార్డింగ్ అయ్యుంటుంది, ఇంటర్నెట్లో పెట్టేవాళ్లు సవాలక్ష మార్పులు చేస్తారు" అన్నాను. అమ్మాయి ఊరుకుంటుందా? సినిమాలోది పెట్టింది, క్యాసెట్ కంపెనీవాళ్లది పెట్టింది. ఎందులోనూ లేదు. పక్కాయన నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. "అన్నా, మీరు పాడంగ విని, గదే అసలనుకున్న నేను."

అప్పుడు గుర్తొచ్చింది నాకు, క్యాసెట్టు. ఆ రోజుల్లో ఈ పాట మా ఊరి బజారులో దొరికేది కాదు. మా ఊళ్లో రికార్డింగ్ షాపుకెళ్లి కావలసిన పాటలు చెబితే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. అలా ఎక్కించుకున్నాను. తెచ్చిన వారానికే టేపు రికార్డరు దాన్ని నమిలేసింది. పేగుల్లాగా బయటికొచ్చిన టేపుని మెల్లగా లాగి, పెన్సిల్ పెట్టి తిప్పి లోపలికి చుట్టాం. ఆ లాగడంలో ఒకచోట టేపు సాగింది. సాగిన చోట గొంతు కిందికి జారి, వణికి, మళ్లీ ఎక్కేది. నాకూ, మా కీబోర్డు వాయించేవాడికీ, డ్రమ్ములవాడికీ అందరికీ ఆ ఒక్క క్యాసెట్టే గతి. దాన్ని విని నేర్చుకున్నాం. ఆయన గొప్పతనమే అంత అనుకుని నెలరోజులు సాధన చేసి మరీ ఆ సాగిన టేపుని నా గొంతులోకి దింపుకున్నాను.

తర్వాత ఇన్నేళ్లలో అసలు పాట వినలేదా అంటే, బోలెడుసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ ఆ చోటు రాగానే గొంతు కలిపేవాణ్ణి. నా మెలికే నా చెవులకి వినబడేది. పక్కన కూర్చుని పాడొద్దని నాతో ఎవరూ అనలేదు, ఆ కడప అమ్మాయి దొరికేదాకా.

ఇదంతా వాళ్లకి చెప్పకుండా ఉండాల్సింది. నోట్లో నువ్వుగింజ నానదు నాకు, చెప్పేశాను. పక్కాయన ముందు పెదాలు బిగబట్టాడు, తర్వాత వల్లకాక సీటు బెల్టు పట్టుకుని నవ్వాడు. "అంటే అన్నా, మీ మీద గంత ముద్రేసింది గాయకుడు గాదు, టేపు రికార్డరు!"

"దిగి నడిచొస్తావా?" అన్నాను.

"పరేషాన్ గాకుండ్రి అన్నా, ఊకెనే అన్న" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. వెనక అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తోంది గానీ భుజాలు ఊగుతున్నాయి. నాకొచ్చిన కోపంలో తిరగాల్సిన మలుపు దాటేసి, ఇంకో చుట్టు తిరిగి వచ్చాం.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతే. ఇంకో వారమైతే నేనూ నవ్వేవాణ్ణేమో. కానీ ఆ శనివారం మా పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయి. ఏం కావాలని మా ఆవిణ్ణి అడిగితే చీరా వద్దంది, నగా వద్దంది. "శనివారం ఆ పాట బాగా పాడండి, చాలు" అంది. ఆవిడ నన్ను మొదటిసారి చూసింది ఆ పాట పాడుతుండగానే. వాళ్ల బంధువుల పెళ్లిలో మా ఆర్కెస్ట్రా. పెళ్లికూతురి పక్కన కూర్చుని జడలో పూలు సర్దుతున్న అమ్మాయి, రెండో చరణం దగ్గర ఠక్కున తలెత్తి నావైపు చూసింది. ఆ చూపుకే పడిపోయాను. తర్వాత పెద్దవాళ్లని పంపి మాట్లాడించుకుని పెళ్లి చేసుకున్నాను.

పాతికేళ్లుగా నాదొక్కటే నమ్మకం. అచ్చం ఆయనలా పాడబట్టే ఆ పిల్ల తలెత్తింది. లేకపోతే నా మొహానికి ఎవరు తలెత్తుతారు? ఇప్పుడు ఆ చోటే ఆయనలా లేదని తేలింది. అదే పాట, అదే మెలికతో, నిజం తెలిసిన ఇద్దరి ముందూ ఆవిడ ముందూ ఎలా పాడను? సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా భయమేసింది. ఆవిడకి ఈ సంగతి తెలిస్తే, మోసపోయాననుకోదూ?

అందుకని దిద్దుకోవడం మొదలుపెట్టాను. పొద్దున్నే ఆ ఇద్దరూ రాకముందే కిందికి దిగి, పార్కింగులో కారు అద్దాలు ఎత్తుకుని పాడేవాణ్ణి. మధ్యాహ్నం భోజనమయ్యాక మళ్లీ ఆఫీసు బేస్‌మెంటులో. ఎంత జాగ్రత్తగా పాడినా 'రావే' దగ్గరకి రాగానే గొంతు దానంతటదే జారేది, అలవాటైన గేదె ఎవరూ తోలకపోయినా ఇంటి సందులోకి తిరిగినట్టు. ఒళ్లు మండి స్టీరింగుని కొట్టాను. మంగళవారం కుదర్లేదు, బుధవారం ఒకసారి కుదిరింది. గురువారం మీటింగులో అందరూ గడువు గురించి నన్నే అడుగుతుంటే నా బుర్ర ఆ ఒక్క మాట మీదే ఉంది. శుక్రవారం సాయంత్రానికి తిన్నగా వచ్చేసింది. గీత గీసినట్టు. అప్పుడు నాకెంత గర్వమో!

శనివారం క్లబ్‌హౌస్ నిండిపోయింది. మా పెళ్లిరోజని తెలిసి ఎవరో కేకు కూడా తెచ్చారు. అమ్మాయి తన "మా ఆమె" పాట పాడింది, గరుకు గొంతుతో హాలంతా కదిలించేసింది. పక్కాయన మైకు లేకుండానే వాళ్ల పెద్దమ్మ వరస అందుకుంటే ఆడవాళ్లు కుర్చీలు జరిపి నిజంగానే గుండ్రంగా తిరిగారు. ఆ ఇద్దరినీ చూస్తుంటే కోపం అదే పోయింది. వాదనలో ఓడించలేకపోయినా ఇలాంటి వాళ్లతో రోజూ ట్రాఫిక్కులో ఇరుక్కోవడం అదృష్టమే అనిపించింది.

చివర నేను లేచాను. మా ఆవిడ ముందు వరసలో కూర్చుంది, ఆకుపచ్చ చీర, చేతిలో బజ్జీల పేపరు ప్లేటు. మొదటి చరణం అయింది. రెండోది వచ్చింది. 'రావే' దగ్గర ఊపిరి బిగబట్టి పాడాను. వణకలేదు, జారలేదు. అచ్చం ఆయనే! చప్పట్లు మోగాయి. అమ్మాయి రెండు బొటనవేళ్లూ ఎత్తి "పాస్ సార్" అంది. పక్కాయన వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుని "సాధించిన్రన్నా" అన్నాడు.

మా ఆవిడా చప్పట్లు కొట్టింది. తర్వాత ఇంటికి బయల్దేరాం. మా బ్లాకు క్లబ్‌హౌస్‌కి ఆ చివర. దారిలో పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. ఆవిడ మిగిలిన కేకు పట్టుకుని తల వంచుకుని నడుస్తోంది.

"బాగా లేదా?" అన్నాను.

"బాగుందండీ."

"మరి ఆ మొహమేంటి?"

"రెండో చరణంలో ఆ చోట ఎందుకలా పాడారు?"

ఇక దాచి లాభం లేదని, దారి పక్కన సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. క్యాసెట్టు, నమిలిన టేపు, పెన్సిలు, కారులో జరిగిన పరాభవం, వారమంతా పార్కింగులో పడ్డ పాట్లు. "ఇన్నేళ్లూ తప్పు పాడి నిన్ను మోసం చేశాను. ఇవాళే సరిగ్గా పాడాను" అన్నాను.

ఆవిడ నావైపు జాలిగా చూసింది. "అది తప్పని నాకు తెలుసు కదండీ."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజునించే. మా నాన్న సినిమా పాటల పిచ్చాడు కదా, ఆ పాట రికార్డు మా ఇంట్లో ఉండేది. అరిగిపోయేదాకా విన్నాను. ఆ రోజు పెళ్లిలో మీరు పాడుతుంటే, ఎక్కడ చూసినా ఉండే జూనియరేలే అనుకుని తల కూడా ఎత్తలేదు. అచ్చు దింపినట్టు పాడుతున్నారు, అందులో ఏముంది? రెండో చరణంలో ఉన్నట్టుండి ఎవడో కొత్తవాడు వచ్చాడు. లేని మెలిక, అదీ ఎంత ధీమాగా వేశారని! ఎవడ్రా బాబూ ఇంత తప్పు ఇంత అందంగా పాడేవాడు అని చూశాను."

"మరి ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్తే దిద్దేసుకునేవారు కదండీ" అంది.

కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. సంతోషమే అది, దాచుకునేదేముంది? ఎవరి గొంతునైతే అరువు తెచ్చుకుని ఈవిణ్ణి గెలిచాననుకున్నానో, ఆ గొంతుకి ఈవిడ తలే ఎత్తలేదు.

"ఇప్పుడు పాడండి, మన పద్ధతిలో" అంది.

పాడాను. తిన్నగా వచ్చింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మళ్లీ పాడాను, మళ్లీ తిన్నగానే. వారం రోజులు చావగొట్టి సాఫు చేశానుగా, ఇప్పుడు వంగమంటే వంగట్లేదు. నిజంగానే పోయిందా? ఏ టేపుని వెతకను? ఆ క్యాసెట్టు ఎప్పుడో చెత్తలో పోయింది. ఆ మెలిక ఇంకెవరి దగ్గరా లేదు.

"పోయింది" అన్నాను.

"పోదు, ఉండండి" అంది. కేకు డబ్బా బల్ల మీద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఆ లైను పాడింది. నా ముందు ఏనాడూ పాట నోరు విప్పి పాడని మనిషి. 'రావే' దగ్గర గొంతు కిందికి జారి, సన్నగా వణికి, మళ్లీ ఎక్కింది. ఎక్కడా పొల్లు పోలేదు.

"ఇలా" అంది. "ఇప్పుడు నా వెనక అనండి."

నేను అన్నాను. ఇంకోసారి అంది. ఇంకోసారి అన్నాను.